మూడో నంబరు బిళ్ళ

ఉదయం తొమ్మిదింబావుకి నేను హెరాన్ పాయింట్ స్టేషన్ మెట్లెక్కేసరికి కెప్టెన్ టోబయాస్ రీడ్ వాకిట్లో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. విచారణ సాయంత్రం నాలుగింటికి. అంటే నా చేతిలో ఉన్నది ఆరుగంటల నలభై అయిదు నిమిషాలు. అందులో అరగంట తిండికి తీసెయ్యాలి. కడుపు ఖాళీగా ఉంటే నా బుర్ర పనిచెయ్యదు. ఈ సంగతి మా జిల్లా షెరీఫ్‌కి తెలుసు, నా బండి లాగే కంచరగాడిద డచెస్‌కి ఇంకా బాగా తెలుసు.

నా పేరు అబ్సలోం ఫెరిబీ. డిప్యూటీ షెరీఫ్‌ని. అంతకు ముందు పదేళ్ళు ఇదే స్టేషన్లో నాలుగో నంబరు గస్తీవాణ్ణి. పడవ మీదపడి మోకాలి చిప్ప పగలకపోతే ఇప్పటికీ అదే పని చేస్తుండేవాణ్ణి. ఈ కరోలినా తీరం పొడుగునా, మునిగే ఓడల్లోంచి మనుషుల్ని బయటికి లాగే స్టేషన్లు చాలా ఉన్నాయి. కెప్టెన్ నుంచి వంటవాడి దాకా అందరూ నల్లవాళ్ళే ఉన్నది మటుకు మా దరిదాపుల్లో ఇదొక్కటే. ఆ మాట చెప్పుకునేటప్పుడు ఇప్పటికీ నా ఛాతీ కొంచెం ముందుకొస్తుంది. పొట్ట ఎలాగూ ముందే ఉంది.

కెప్టెన్ రీడ్ నన్ను పిలిపించింది దొంగతనం కేసు మీద. పోయిన సొత్తు అరచేతిలో ఇమిడే ఒక ఇత్తడి బిళ్ళ. దాని మీద స్టేషన్ పేరు, మూడో నంబరు. ప్రతి గస్తీవాడి మెడలోనూ తన నంబరు బిళ్ళ ఒకటి తోలుతాడుకి వేలాడుతుంది. రాత్రి మావాడు దక్షిణంగా నడుస్తాడు, సౌత్ బార్ స్టేషన్ వాడు ఉత్తరంగా నడుస్తాడు. ఇద్దరూ సగం దారిలో ఉన్న గుడిసె దగ్గర కలిసి బిళ్ళలు మార్చుకుంటారు. అవతలివాడి బిళ్ళ తెచ్చి చూపిస్తేనే నువ్వు నడిచినట్టు లెక్క. మర్నాటి గస్తీలో ఎవరిది వాళ్ళకి తిరిగి చేరుతుంది.

పోయిన మంగళవారం అర్ధరాత్రి గస్తీ మూడో నంబరు ఈనాస్ మెకాయ్‌ది. ఒంటిగంటా ఇరవై అయిదుకి ఒక తెరచాప ఓడ గుడిసెకి ఎదురుగా ఇసుక మేట ఎక్కింది. ఒంటిన్నరకి ఒడ్డున ప్రమాదం తెలిపే ఎర్ర మతాబు వెలిగింది, రెండు స్టేషన్ల వాళ్ళూ పరిగెత్తారు, తెల్లారేలోగా ఓడలో ఉన్న ఏడుగురూ బతికి ఒడ్డునపడ్డారు. అంతవరకూ అందరికీ సంతోషమే. తెల్లారాక అసలు గొడవ మొదలైంది. సౌత్ బార్ ఐదో నంబరు హార్లన్ స్కార్బరో ప్రమాణం చేసి చెప్పాడు: తను గుడిసెలో ఇరవై నిమిషాలు కాచుకుని కూర్చున్నా హెరాన్ పాయింట్ నుంచి ఎవరూ రాలేదని, వెనక్కి వస్తూ ఓడని చూసి మతాబు తనే వెలిగించానని. ఈనాస్ మాత్రం తను వెళ్ళాననీ, బిళ్ళలు మార్చుకున్నామనీ, తనూ ఒక మతాబు వెలిగించాననీ అంటున్నాడు. అయితే తెచ్చిన ఐదో నంబరు బిళ్ళ చూపించమంటే లేదు. ఓడ వంటవాణ్ణి కెరటాల్లోంచి లాగేటప్పుడు తోలుతాడు తెగి నీళ్ళలో పోయిందట.

ఇన్‌స్పెక్టర్ లెఫ్టినెంట్ విథర్స్ కేసు కాగితాలన్నీ, రెండు స్టేషన్ల పుస్తకాలూ నాకు చూపించి, నాలుగింటిదాకా గడువిచ్చాడు. ఈనాస్ అబద్ధమాడాడని తేలితే పోయేది ఒక్క ఈనాస్ ఉద్యోగం కాదు. స్టేషన్ మొత్తం గస్తీ ఎగ్గొట్టి దొంగ లెక్కలు రాస్తోందని కెప్టెన్ రీడ్‌నీ అతని ఆరుగురినీ తీసేస్తారు. ఆ ఏడు చోట్లకీ మనుషుల్ని రాష్ట్ర రాజధాని రాలీలో ఒక పెద్దమనిషి అప్పుడే సిద్ధంగా ఉంచాడు. వాళ్ళలో ఒక్కడూ మావాడు కాదు.

"ఇది పోతే మళ్ళీ మన చేతికి రాదు అబ్సలోం" అన్నాడు కెప్టెన్ రీడ్. గడియారం మళ్ళీ తీసి చూసుకున్నాడు.

వంటగదిలో వేయించిన చేప, మొక్కజొన్న రొట్టె ముందు పెట్టుకుని ఈనాస్‌ని ఎదురుగా కూర్చోపెట్టాను. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, బండరాయిలాంటి భుజాలు, మాట పొదుపు.

గుడిసెకి ఒంటిగంటకి అయిదు నిమిషాలు తక్కువకి చేరానన్నాడు. పొయ్యి వెలిగించావా అనడిగాను. వెలిగించాడట. పొయ్యి పక్క డబ్బాలో ఒకటే పుల్లల కట్ట ఉంటే అది వాడేశాడు, డబ్బా ఖాళీ అయింది. తన తరవాత గుడిసె వదిలేవాడు కొత్త కట్ట పెట్టి వెళ్ళాలి, అది ఎప్పట్నుంచో ఉన్న ఆనవాయితీ. ఒంటిగంటా అయిదుకి బిళ్ళలు మారాయి, ఒంటిగంటా పదికి తను ముందు బయల్దేరాడు.

"ఏమైనా మాట్లాడుకున్నారా?"

"ఆ గాలికి నా మాట నాకే వినపడలేదన్నా. పొగాకు ఇవ్వబోయా. వద్దని తలూపారు."

"బిళ్ళ ఎక్కడ పెట్టారు?"

"నా అరచేతిలో."

చేపముక్క నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. పదేళ్ళు నేను ఆ గుడిసెకి నడిచాను. సౌత్ బార్ వాళ్ళు తెల్లవాళ్ళు. ఒక్కడంటే ఒక్కడు నా చేతిలో బిళ్ళ పెట్టలేదు. బల్ల మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకుంటారు, మనం తీసుకోవాలి. మనం పెట్టిందీ అంతే, బల్ల మీంచే తీసుకుంటారు. కొందరైతే ఇసకలోకి విసిరేవాళ్ళు, చలికి కొయ్యబారిన వేళ్ళతో లాంతరు పెట్టుకుని వెతుక్కునేవాణ్ణి. హార్లన్ స్కార్బరో చెడ్డవాడు కాదు, కానీ అతనూ బల్ల మీద పెట్టే రకమే.

"ఎప్పట్నుంచి చేతిలో పెడుతున్నారు?"

ఈనాస్ రొట్టె ముక్క తుంచాడు. "పోయిన ఏడాది చలికాలం నుంచి."

అతనిచ్చిన వాంగ్మూలం తీసి మళ్ళీ చదివాను. రెండు పేజీల్లో ఎక్కడా హార్లన్ పేరు లేదు. అన్నిచోట్లా 'సౌత్ బార్ ఐదో నంబరు' అనే ఉంది. ఎందుకని అడిగితే, బిళ్ళ మీద ఉన్నది నంబరే కదా అన్నాడు. ఇంకేమీ చెప్పనని అతని దవడలే చెప్పాయి. వాడు అబద్ధం ఆడలేదని నాకు గట్టిగా అనిపించింది, ఏదో దాస్తున్నాడని అంతకంటే గట్టిగా అనిపించింది.

పదకొండూ పదికి గుడిసె చేరాను. అక్కడ హార్లన్ స్కార్బరో, అతని పక్కన నార్ఫోక్ డిటెక్టివ్ చౌన్సీ రడ్. రాలీ పెద్దమనిషి డబ్బుతో వచ్చినవాడు. ఓడ పగిలిన రాత్రి బాతుల వేట వంకతో సౌత్ బార్ కెప్టెన్ ఇంట్లోనే ఉన్నాడట. మేకపోతు గడ్డం, మెరిసే బూట్లు. ఆ ఇసకలో అలాంటి బూట్లు వేసుకొచ్చినప్పుడే మనిషి తెలివి ఎంతో నాకు అర్థమైంది.

"ఏమోయ్ ఫెరిబీ, బిళ్ళ దొంగ దొరికాడా? నీ గాడిదనడిగి చూశావా?" అన్నాడు.

"అడిగాను సార్. నార్ఫోక్ నుంచి వచ్చినవాళ్ళని ముందు అడగమంది."

హార్లన్‌కి నవ్వొచ్చింది, గడ్డంలోనే మింగేశాడు. రడ్ మొహం గంటుపెట్టుకుని, ఇదంతా వాళ్ళవాళ్ళని కాపాడుకోవడానికి వేస్తున్న వేషమని నాకు వినపడేలా హార్లన్‌తో అన్నాడు. నేను పట్టించుకోలేదు. గుడిసె తలుపుకి వేలాడుతున్న కొత్త తాళం చూపించి అదెప్పుడు వేశారని అడిగాను.

"బుధవారం పొద్దున ఆరున్నరకి. నేనే దగ్గరుండి వేయించాను. సాక్ష్యాలు మీవాళ్ళు మార్చెయ్యకుండా" అన్నాడు.

"అప్పట్నుంచి లోపలికి ఎవరూ వెళ్ళలేదా?"

"తాళంచెవి నా జేబు దాటలేదు. కావాలంటే రాసిస్తాను."

రాసివ్వమన్నాను. వెక్కిరిస్తున్నాననుకున్నాడు కాబోలు, చీటీ తీసి సంతకంతో సహా రాసిచ్చాడు. దాన్ని భద్రంగా జేబులో పెట్టుకున్నాను. చాలాకాలం తరవాత ఒక డిటెక్టివ్ మీద నాకు ప్రేమ కలిగింది.

తరవాత హార్లన్ వైపు తిరిగాను. అంతెత్తు మనిషి, నాలుగు రోజులుగా నిద్రలేనట్టు కళ్ళు. పొగాకు ఇస్తే వెంటనే తీసుకుని బుగ్గన పెట్టుకున్నాడు. వద్దనడం అతనికి చేతకాదని తీరమంతా తెలుసు. గుడిసెలో ఇరవై నిమిషాలు ఏం చేశావని అడిగాను. ఊరికే కూర్చున్నానన్నాడు. పొయ్యి వెలిగించలేదా అంటే, డబ్బాలో పుల్లల్లేవన్నాడు.

"ఎవరూ రాలేదుగా. మరి నీ బిళ్ళ నీ మెడలోనే ఉండాలి. చూపించు."

అతని చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. రడ్ కూడా అటు చూశాడు. ఈ ప్రశ్న ఇన్నాళ్ళూ అతనికి తట్టలేదని మొహమే చెప్పింది.

"నీళ్ళలో పోయింది" అన్నాడు హార్లన్. "ఆ హడావిడిలో."

"నువ్వు నీళ్ళలో దిగలేదు. నిన్ను ఒడ్డునే తాళ్ళబండి దగ్గర ఉంచామని మీ కెప్టెన్ పుస్తకంలో రాసుకున్నాడు."

రడ్ మధ్యలోకి వచ్చాడు. తాడు తెగితే ఇసకలోనూ పడొచ్చు, వానలో ఎక్కడైనా పడొచ్చు, ఒక బిళ్ళ పోయినంత మాత్రాన ప్రమాణం చేసిన మాట అబద్ధమైపోదన్నాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. తాళం తియ్యమన్నాను.

ముగ్గురం లోపలికి వెళ్ళాం. కిటికీ లేని గుడిసె అది. నేను వెనకనుంచి తలుపు వేసేశాను. పలకల సందుల్లోంచి సన్నటి వెలుతురు వస్తోంది. పది లెక్కపెట్టేసరికి నాకు పొయ్యి, బల్ల, రడ్ బూట్ల మెరుపు అన్నీ కనిపించాయి. జేబులోంచి పొగాకు ముక్క తీసి, మాట్లాడకుండా వాళ్ళిద్దరి మధ్యకి చెయ్యి చాపాను.

"నాకొద్దు" అన్నాడు రడ్ వెంటనే.

హార్లన్ ఏమీ అనలేదు. పొగాకు అతని గడ్డానికి జానెడు దూరంలో ఉంది. అతను నిలబడ్డచోటే బిగుసుకుపోయి రెండు చేతులూ ముందుకు చాచాడు. అడుగు వేసి పొయ్యిగొట్టానికి నుదురు కొట్టుకున్నాడు. తలుపెందుకు వేశారు అన్నాడు. నేను తలుపు తీశాను.

రేచీకటి. మా మేనమామకి ఉండేది, అందుకే నాకు పోల్చుకోవడం కష్టం కాలేదు. పొద్దుగూకితే గోడ ఎక్కడో గుమ్మం ఎక్కడో తెలియదు. అలాంటివాడు తుఫానులో, అర్ధరాత్రి, సముద్రం పక్కన రెండున్నర మైళ్ళు నడిచాడా? నడవలేడు. కానీ అతని బిళ్ళ నడిచింది.

రడ్‌కి ఇదేదీ పట్టలేదు, బూట్లలోంచి ఇసక దులుపుకుంటున్నాడు. నేను వంగి పొయ్యి పక్క డబ్బా మూత తీశాను. లోపల పొడిగా, నిక్షేపంగా ఒక పుల్లల కట్ట ఉంది. మగవాళ్ళు కొట్టే పుల్లలు వంకరటింకరగా, ఒకటి బొటనవేలంత, ఒకటి చేతికర్రంత ఉంటాయి. ఇవి అన్నీ ఒకే పొడుగు, పెన్సిలంత సన్నం, మధ్యలో ఎండుటాకులు దోపి నీలం ఉన్నిదారంతో రెండుచోట్ల ముడివేసి ఉన్నాయి. కట్ట పట్టుకుని బయటికి వస్తుంటే రడ్, మధ్యాహ్నం వంట కూడా ఇక్కడేనా అన్నాడు. ఇంకెక్కడైనా వండుకుంటానన్నాను.

ఒంటిన్నరకి హార్లన్ ఇంటి తలుపు తట్టాను. సౌత్ బార్ స్టేషన్‌కి రెండు వందల గజాలు, దిబ్బల వెనక ఇల్లు. హార్లన్ గుడిసె నుంచి తిన్నగా స్టేషన్‌కి వెళ్ళిపోయాడు. అతని భార్య ఫీబీ తలుపు తీసింది. ముప్పై దాటిన మనిషి, నా భుజం దాకా వస్తుంది, పిడికిళ్ళు మాత్రం పడవ నడిపేవాళ్ళవి. లోపలికి రమ్మనడానికి ఒక క్షణం తటపటాయించింది. తరవాత కుర్చీ లాగి, ఇక్కడి పొదల్లో దొరికే యాపాన్ ఆకు తేనీరు పోసి, పక్కన అత్తిపండ్ల మురబ్బా పెట్టింది. అలాంటి మురబ్బా మళ్ళీ తినలేదు. ఎంత కేసులో ఉన్నా కొన్ని విషయాలు ఒప్పుకోవాలి.

పొయ్యి పక్క చెక్కపెట్టెలో పుల్లల కట్టలు వరసగా ఉన్నాయి. ఒకే పొడుగు, పెన్సిలంత సన్నం, నీలం ఉన్నిదారం. నేను నా కోటులోంచి గుడిసె కట్ట తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆవిడ చూసింది. చూసి, నా కప్పులో ఇంకాస్త తేనీరు పోసింది.

నేను అడగాల్సినవి అడిగాను. మంగళవారం రాత్రి ఎక్కడున్నారంటే ఇంట్లోనే అంది. మీ ఆయన గస్తీ నుంచి ఎన్నింటికి వచ్చాడంటే స్టేషన్ పుస్తకం చూడమంది. సౌత్ బార్ పుస్తకం నేను పొద్దునే చూశాను. హార్లన్ రొప్పుకుంటూ వచ్చింది రెండూ పదికి. మతాబు వెలిగిన చోటు నుంచి స్టేషన్‌కి పరిగెత్తితే ముప్పై అయిదు నిమిషాలు. మిగిలిన అయిదు నిమిషాలూ ఈ ఇంటి ముందు ఖర్చయ్యాయని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.

"అమ్మా, నేను అల్లరి చెయ్యడానికి రాలేదు" అన్నాను. "నాలుగింటికి హెరాన్ పాయింట్ పడవల గదిలో విచారణ. ఆ ఏడుగురికీ పిల్లలున్నారు. అది చెప్పి పోదామని వచ్చాను."

"మా ఇంట్లోనూ ఒకే జీతం డిప్యూటీ గారూ" అంది. నావంక సూటిగా చూసింది. "నిజం చెబితే ఆయన ఆ పూటే ఇంటికొచ్చేస్తాడు. ఇంకే పనీ చేతకాదు. చెప్పకపోతే వాళ్ళు పోతారు. ఈ నాలుగు రోజులూ నేను నిద్రపోయాననుకుంటున్నారా?"

అనుకోవడం లేదన్నాను. కట్ట మళ్ళీ కోటులో పెట్టుకుని లేచాను. గుమ్మం దాకా వచ్చి మురబ్బా ఎలా చేస్తారో కూడా అడగలేకపోయాను.

నాలుగింటికి పడవల గది నిండిపోయింది. ఒక పక్క కెప్టెన్ రీడ్, అతని ఆరుగురు, బూట్లన్నీ నిగనిగలాడేలా తోమి. ఇంకో పక్క సౌత్ బార్ కెప్టెన్, హార్లన్, రడ్. మధ్యలో బల్ల వెనక లెఫ్టినెంట్ విథర్స్. సన్నటి మనిషి, జలుబు చేసినట్టు ఎప్పుడూ చేతిరుమాలు ముక్కు దగ్గరే ఉంటుంది, కానీ వినేటప్పుడు మాత్రం పూర్తిగా వింటాడు.

రడ్ పావుగంట మాట్లాడాడు. ఈనాస్ స్టేషన్ దాటలేదనీ, దక్షిణాన హార్లన్ వెలిగించిన మతాబు చూసి తనూ ఒకటి వెలిగించి కథ అల్లాడనీ అన్నాడు. మూడో నంబరు బిళ్ళ ఎప్పుడో పారేసుకుని ఇప్పుడు పోయిందని ఫిర్యాదు ఇచ్చారన్నాడు. మనిషి బాగా మాట్లాడతాడు, కాదనను.

నా వంతు వచ్చింది. ముందు రడ్ రాసిచ్చిన చీటీ చదివాను, బుధవారం పొద్దున్నించీ గుడిసెలోకి పురుగు కూడా దూరలేదని. తరవాత పుల్లల కట్ట బల్ల మీద పెట్టాను. ఈనాస్ చివరి కట్ట వాడేశాడు, హార్లన్ డబ్బాలో పుల్లలే లేవన్నాడు, కాబట్టి ఇది ఆ ఇద్దరి తరవాత వచ్చిన కట్ట, లేదా ఆ ఇద్దరిలో ఒకరు అక్కడికి వెళ్ళనే లేదు. ఎవరూ రాలేదన్న హార్లన్ మెడలో తన బిళ్ళ ఎందుకు లేదో కూడా అడిగాను. ఇన్‌స్పెక్టర్ చేతిరుమాలు జేబులో పెట్టుకున్నాడు.

రడ్ లేచాడు. "పుల్లల కట్ట పట్టుకుని గవర్నమెంటు విచారణకొచ్చాడు. సరే, హార్లన్ వెళ్ళలేదే అనుకుందాం. మరి మీ ఈనాస్ బిళ్ళ ఎవరికిచ్చాడు? దెయ్యానికిచ్చాడా? పేరు చెప్పమనండి."

ఇన్‌స్పెక్టర్ ఈనాస్ వైపు చూశాడు. "చెప్పు. ఎవరికిచ్చావు?"

"ఐదో నంబరుకండీ."

"ఆ ఐదో నంబరు ఎవరు?"

ఈనాస్ నేల వంక చూశాడు. వాడికి తెలుసు. ఏడాది పైగా వాడికి తెలుసునని నాకు అప్పుడే తెలిసింది. లాంతరు వెలుగులో చేతులు చూసి ఉంటాడు, నడక చూసి ఉంటాడు. ఒక్క పేరు చెబితే తన ఉద్యోగం నిలబడుతుంది, తన కెప్టెన్ నిలబడతాడు. వాడు నోరు విప్పలేదు. కెప్టెన్ రీడ్ వాడి భుజం మీద చెయ్యి వేశాడు గానీ చెప్పమని మాత్రం అనలేదు.

ఇక అడగాల్సింది నన్ను. ఇన్‌స్పెక్టర్ అడిగాడు కూడా, డిప్యూటీకి పేరు తెలుసా అని. నాకు తెలుసు. హార్లన్ నా వంక చూస్తున్నాడు, నీళ్ళలో మునుగుతూ ఒడ్డుని చూసేవాళ్ళ చూపు అది. ఏడుగురి కూడు నా నాలుక మీద ఉండి కూడా పేరు చెప్పలేదు, అందుకు నాకు నా మీదే కోపం వచ్చింది. అయిదు నిమిషాల్లో సమాధానం రాకపోతే నిర్ణయం రాసేస్తానని ఇన్‌స్పెక్టర్ కలం తీశాడు. అప్పుడు నాలుగూ ఇరవై అయిదు.

నాలుగూ ఇరవై ఎనిమిదికి పడవల గది పెద్ద తలుపు జరిగింది. ఒక గస్తీవాడు లోపలికి వచ్చాడు. మోకాళ్ళ కింది దాకా మైనపు కోటు, కళ్ళ మీదకి దించిన వానటోపీ, గడ్డం కప్పేస్తూ ఉన్నిగుడ్డ. సౌత్ బార్ కెప్టెన్ ఆ కోటు చూసి, హార్లన్‌ని చూసి, మళ్ళీ కోటు చూశాడు. ఆ మనిషి ఎవరివైపూ చూడకుండా గది మధ్యనుంచి నడిచి, ఇన్‌స్పెక్టర్ బల్ల దాటి, తిన్నగా ఈనాస్ ముందుకి వెళ్ళి నిలబడింది. చేతికున్న ఉన్ని తొడుగు తీసి, ఇత్తడి బిళ్ళ వాడి అరచేతిలో పెట్టింది.

ఈనాస్ దాన్ని వెలుతురుకి తిప్పి చూశాడు. "మూడో నంబరు" అన్నాడు. వాడి కళ్ళు నిండాయి. నా సంగతి అడక్కండి.

ఫీబీ స్కార్బరో టోపీ తీసి ఇన్‌స్పెక్టర్‌కి ఎదురుగా తిరిగింది. ఏడుపూ లేదు, క్షమాపణా లేదు. ఆయనకి రేచీకటి పట్టి రెండు చలికాలాలైంది, రాత్రి గస్తీ ఆయన వంతు వచ్చినప్పుడల్లా ఆయన ఇంటిదాకా రావడం, కోటూ లాంతరూ తను తీసుకుని వెళ్ళడం. మంగళవారం ఒంటిగంటా అయిదుకి బిళ్ళలు మార్చుకుంది, డబ్బాలో కట్ట పెట్టింది, వెనక్కి వస్తుంటే ఓడ కనపడింది. మతాబు వెలిగిస్తుంటే ఉత్తరాన ఇంకో మతాబు కనపడిందని కూడా చెప్పింది. అక్కణ్ణించి ఇంటికి పరిగెత్తి ఆయన్ని లేపి, కోటు తొడిగి స్టేషన్‌కి పంపింది. బిళ్ళ మాత్రం తొడుగులోనే ఉండిపోయింది.

"కెప్టెన్ గారు బిళ్ళేదని అడిగితే ఈయనకేం తోచలేదు. ఎవరూ రాలేదనేశాడు. పొద్దున నేను తొడుగు దులిపి చూసుకునేసరికి అది పుస్తకాల్లోకెక్కిపోయింది" అంది.

హార్లన్ లేచి నిలబడ్డాడు. తప్పు తనదేననీ, ఈనాస్‌కి మొహం చూపించలేకపోతున్నాననీ చెప్పాడు. చెబుతూనే, ఆ రోజే మొదటిసారి, ఈనాస్ మొహంలోకి చూశాడు. ఈనాస్ తల ఊపాడు. అంతకంటే ఏమీ జరగలేదు గానీ గదిలో అందరికీ ఊపిరి ఆడింది.

రడ్ మాత్రం వదల్లేదు. ఇంత మోసం బయటపడ్డాక ఏ స్టేషన్‌నీ నమ్మడానికి లేదన్నాడు. ఇన్‌స్పెక్టర్ అతన్ని కూర్చోమని కూడా అనలేదు, బాతుల కాలం అయిపోవచ్చిందని గుర్తుచేశాడు. తరవాత కలం ముంచి, హెరాన్ పాయింట్ పుస్తకంలో పైకి చదువుతూ రాశాడు: ఒంటిగంటా అయిదు, బిళ్ళలు మారినవి, గస్తీ సక్రమం. సౌత్ బార్ తరఫున ఎవరని రాయాలో దగ్గర ఆగాడు.

"ఫీబీ స్కార్బరో అని రాయండి" అంది ఆవిడ.

రాశాడు. రాసి, ఒక్క సంగతి అడుగుతానన్నాడు. సౌత్ బార్ వాళ్ళు బిళ్ళ బల్ల మీద పెడతారని ఈ తీరంలో విన్నాడట, చేతిలో పెట్టడం ఎవరు నేర్పారని.

"ఎవరూ నేర్పలేదండీ. ఆ చలికి ఎవరి వేళ్ళైనా కొంకర్లుపోయి ఉంటాయి. బల్ల మీద పెడితే ఏరుకోవడం ఎంత కష్టం" అంది.

నేను పదేళ్ళు ఏరుకున్నాను.

కిటికీలోంచి చూస్తే వాతావరణ స్తంభం మీద ఎర్రజెండా ఎక్కుతోంది, మధ్యలో నల్ల చదరం. తుఫాను. ఇన్‌స్పెక్టర్ కూడా చూశాడు. ఈ రాత్రి సౌత్ బార్ అర్ధరాత్రి గస్తీ ఎవరిదని అడిగాడు. ఐదో నంబరుదేనన్నాడు సౌత్ బార్ కెప్టెన్, నేల చూస్తూ. ఇంకెవరైనా ఉన్నారా అంటే, ఇద్దరు జ్వరాలతో పడి ఉన్నారు, మిగిలినవాళ్ళ వంతులు నిండిపోయాయన్నాడు. ఇన్‌స్పెక్టర్ నిబంధనల పుస్తకం దగ్గరికి లాక్కుని, తెరవకుండానే మూసిన అట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. హార్లన్‌ని రేపట్నుంచి పగటి కాపలాకి మార్చమన్నాడు. వాషింగ్టన్‌కి ఏం రాయాలో పొద్దున ఆలోచిస్తానన్నాడు.

"ఈ రాత్రికి మాత్రం, రెండు చలికాలాలుగా ఎవరు నడుస్తున్నారో వాళ్ళే నడవండి."

ఫీబీ టోపీ మళ్ళీ పెట్టుకుంది. ఈనాస్ బిళ్ళ మెడలో వేసుకుంటూ, ఒంటిగంటకి అయిదు నిమిషాలు తక్కువకి గుడిసె దగ్గర ఉంటానమ్మా అన్నాడు. ఆవిడ సరేనని, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"డిప్యూటీ గారూ, ఆ పుల్లల కట్ట ఇలా ఇవ్వండి. ఇవాళ కొత్తది కట్టే తీరిక లేదు."

బల్ల మీద ఉన్న కట్టని బల్ల చివరికి జరపబోయాను. చెయ్యి దానంతటదే ఆగింది. మోకాలు నొప్పెట్టినా గది చివరిదాకా నడిచి వెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను.